చేపలకు నీళ్లు అద్దెకిచ్చిన ఆర్విడ్

మోంటానాలో ఆర్విడ్ హాగెన్ కంటే మొండివాణ్ణి చూపిస్తే నా టోపీ ఇచ్చేస్తాను. మంచి టోపీ. బడి నాకు సరిపోవడం లేదని మానేసి ఆయన దగ్గర పశువుల పనికి కుదిరాను కాబట్టి, నేను చెప్పేదంతా నిజం. నిజం కానిది కూడా నిజమే.

బ్యాడ్జర్ వాగు నీటి మీద లోయలోకెల్లా పాత హక్కు ఆర్విడ్‌ది; పాత హక్కు ఎవరిదైతే నీళ్లలో మొదటి వంతు వాళ్లదే. వాడుకోకపోతే చట్టం ప్రకారం హక్కు పోతుందని ఆయన భయం. అందుకని గడ్డి పొలం తడిపాక మిగిలిందంతా గుట్ట కింద రాళ్లకు పెట్టేవాడు. ఏళ్ల తరబడి తాగి తాగి ఆ రాళ్లు బలిశాయి. నేను చేరినప్పుడు గొర్రెంత ఉన్న రాయి మీద ఇప్పుడు ట్రాక్టర్ నిలబెట్టొచ్చు. కింద వంతెన దగ్గర మాత్రం ఆగస్టు కల్లా ట్రౌట్ చేపలు బురదలో నోళ్లు తెరిచేవి.

ఒక కరువు ఏడాది చేపల్ని కాపాడే సంఘం తరఫున రోండా అనే ఆవిడ వచ్చింది.

“హాగెన్ గారూ, ఈ వేసవి మీ నీళ్లు వాగులోనే ఉంచండి. అద్దె ఇస్తాం. చట్టం మారింది, వాగులో ఉంచినా వాడుకున్నట్టే.”

“చేపలు అద్దె కడతాయా?”

“మేం కడతాం. మంచు పడేదాకా వంతెన కింద వాగు ఎండకూడదు. ఎండిందా, అద్దె లేదు.”

గడ్డి పొలం ఎండినా సరేనని ఆర్విడ్ ఒప్పుకున్నాడు. ఆ అద్దెతోనే చలికాలం మేత కొనాలి. అది రాకపోతే మందనంతా తెగనమ్ముకోవాలి.

ఆగస్టులో వాగు సన్నబడింది. వెళ్లి చూస్తే, దిగువ రైతు లైల్ ప్రాట్ వంతెనకు ఎగువనున్న తన కాలువ తూము బార్లా తెరిచాడు.

“ఒరేయ్ లైల్, అవి నా నీళ్లురా!”

“వదిలేశావుగా ముసలోడా. వదిలేసినవి ఎవడికి దొరికితే వాడివే.”

“వదల్లేదు. చేపలకి అద్దెకిచ్చా.”

“అయితే చేపల్నే వచ్చి అడగమను.”

నీటి పంపకం అధికారికి ఫోన్ చేస్తే, వారం దాకా తీరిక లేదన్నాడు. ఆ తూము ఉన్న గట్టు ఆర్విడ్ స్థలంలోనిదే. ఆయనే తూము మూసేసి, బిషప్ అనే తన ఎద్దును అక్కడికి తోలాడు. బిషప్‌కు నచ్చిన మనిషి ఇంకా పుట్టలేదు. మర్నాడు తూము తెరవబోయిన లైల్ ఎంత వేగంగా పరిగెత్తాడంటే, బూట్లు వాళ్లింటికి అతని తర్వాత చేరాయి.

“తూము దాకా దారి నా హక్కు!” అని కంచె అవతలి నుంచి అరిచాడు.

“కాదన్నానా? నడువు. దారి నీది, ఎద్దు నాది.”

అప్పటి నుంచి ఆర్విడ్ రోజూ వంతెన కిందికి వంగి, పెళ్లాన్ని కూడా ఎన్నడూ అడగనంత ప్రేమగా, “ఎలా ఉన్నార్రా?” అని చేపల్ని పలకరించేవాడు.

మంచు పడింది. వంతెన కింద వాగు పారుతూనే ఉంది. రోండా చూసి, అద్దె చేతిలో పెట్టింది. మేత లారీలు వరసగా వస్తుంటే లైల్ కంచె దగ్గరికొచ్చాడు.

“ఆవిడ నంబరుందా? నా నీళ్లూ అద్దెకిద్దామని.”

“ఇచ్చుకో. కానీ నీ చేపలు కిందనే ఉండాలి. పైకొచ్చి నా నీళ్లలో దూరాయో...”

“దూరితే?”

“బిషప్‌కి ఈత నేర్పిస్తా.”