వెర్నా మంచానికి రెండో వైపు

మెర్ల్ స్టకీ చేత అవుననో కాదనో ఒక్క మాట చెప్పించడం కంటే మా యూమా ఎడారి ఎండల్లో మంచు కురిపించడం తేలిక. ఈ సంగతి అతని పెళ్లాం వెర్నా నాతో రోజూ చెబుతుంది. మా రెండు బండి ఇళ్లకీ మధ్య ఒక బల్ల తప్ప ఇంకేం లేదు. వినక ఎక్కడికి పోను?

వెర్నా అయోవాలో ఒక బడి క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి పిల్లలకి వండిపెట్టింది. మెర్ల్ పాల ట్యాంకరు నడిపాడు. అతను పని మానేసిన ఏడే ఇల్లు అమ్మేసి, ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోయే ఈ బండిల్లు కొన్నారు. "ఇక చచ్చేదాకా గడ్డి కొయ్యను, మంచు తవ్వను" అన్నాడట. మొదట్లో బాగానే తిరిగారు. తిరిగిన ప్రతి రాష్ట్రానికీ తలుపు మీదున్న మ్యాపులో ఒక రంగు బిళ్ల అంటించారు. తర్వాత మా ఎడారి పార్కుకి వచ్చి ఆగారు. చలికాలానికి వచ్చి ఎండలు ముదరగానే కొండలకి పోవడం ఇక్కడందరి అలవాటు. వీళ్లు పోలేదు. ఒక ఏడు ఏసీ బాగు చేయించాలని, మరుసటేడు మెర్ల్ మోకాలు బాగోలేదని, ఆ పై ఏడు ఏ వంకా లేకుండానే. బిళ్లల రంగులు ఎండకి వెలిసిపోయాయి.

వెర్నాకి కావలసింది పెద్దదేం కాదు, రెండు వైపుల నుంచీ దిగగలిగే మంచం. బండింట్లో వాళ్ల మంచానికి తల వైపూ, ఒక పక్కా గోడలే. లోపలి వైపు పడుకునేది ఆవిడే. తుంటికి ఆపరేషను అయ్యాక కూడా, లేవాలంటే మెర్ల్ మీంచి పాకాలి, లేదా కాళ్ల వైపుకి జారుకుంటూ రావాలి. దుప్పటి మార్చాలంటే పరుపు ఎక్కి, తను మోకరించిన పరుపునే ఎత్తి, దాని కింద దుప్పటి దోపాలి. ఒకసారి సాయం చెయ్యబోయాను. ఇద్దరం అందులో ఇరుక్కుని, మెర్ల్ వచ్చి లాగేదాకా బయటపడలేకపోయాం.

అలాంటప్పుడు చర్చిలో ఓపల్ అనే ఆవిడ, కూతురి దగ్గరికి పోతూ, పక్క ఊరు వెల్టన్‌లో ఒకే పడగ్గది ఉన్న తన ఇల్లు వీళ్లకి అద్దెకి ఇస్తానంది. వెనక నిమ్మచెట్టు, మొత్తం టర్కీ కోడి పట్టే ఓవెను, గది మధ్యలో మంచం. "ఆదివారం ప్రార్థన అయ్యేలోగా చెప్పు. లేకపోతే వేరేవాళ్లు కాచుకునున్నారు" అంది.

ఇక మొదలు.

"ఏమయ్యా, ఓపల్‌కి ఏం చెప్పను?"

"చూద్దాం."

"ఏం చూస్తావు? ఇల్లు చూశావు, నిమ్మచెట్టు చూశావు, నా తుంటి కుట్లు చూశావు. ఇంకేం మిగిలింది?"

"ఇల్లంటే కట్టేసినట్టే వెర్నా. పక్కింటివాళ్లు నచ్చకపోతే బండి తగిలించుకుని పోలేం."

"ఇక్కడ పక్కనున్నది నెట్టీ. దాన్ని భరిస్తున్నావు కదా ఇన్నేళ్లుగా?"

"నేనిక్కడే ఉన్నాను" అన్నాను.

"తెలుసు" అన్నాడు మెర్ల్, నా వైపు చూడకుండా.

సాయంత్రం ఎండ వాలాక ఎవరి కుర్చీ వాళ్లు, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని గుండ్రంగా కూర్చుంటాం. ఆ శుక్రవారం క్లింట్ అని కొత్తగా బండిల్లు కొన్న మనిషి, పెళ్లాంతో వచ్చాడు. కొత్తవాళ్లు దొరికితే మెర్ల్‌కి పండగే.

"మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు మూసే ఉంచాలి బాబూ. నిండాక తియ్యాలి, అప్పుడు అంతా ఒక్క ఊపున పోతుంది. ఇంట్లో ఉన్నట్టు తెరిచి వదిలేశావో, నీళ్లన్నీ పారిపోతాయి, మిగతాది అక్కడే కూర్చుంటుంది. కొండలా గట్టిపడుతుంది. బండిల్లంటే ఇల్లనుకునేవాళ్లు చేసే పని అది."

వెర్నా గ్లాసు కింద పెట్టింది.

"అంత బండి మనిషివైతే రేపు పొద్దున దీన్ని గేటు దాటించు. దాటిస్తే ఇంటి మాట ఇంకెత్తను, నువ్వెక్కడికంటే అక్కడికి వస్తాను. దాటించలేకపోతే ఓపల్‌కి ఫోన్ చేస్తాను. అందరూ విన్నారుగా?"

అందరం విన్నాం. వినడానికేగా కూర్చున్నది.

మా పార్కులో ఎవరి బండైనా కదులుతుంటే చూడ్డాన్ని మించిన కాలక్షేపం లేదు. శనివారం పొద్దున్నే కాఫీలతో, కుర్చీలతో చేరాం. మెర్ల్ పని మొదలుపెట్టాడు. టమాటా తొట్లు జరిపాడు. చక్రాల చుట్టూ కట్టిన రేకులు విప్పాడు. కౌజు పిట్టలకి నీళ్లు పెట్టే పళ్లెం నా బల్ల కిందకి చేర్చి, "మర్చిపోకు నెట్టీ, పొద్దున్నే వస్తాయి" అన్నాడు. తగిలించే కొక్కెంలో కందిరీగలు గూడు పెడితే చొక్కా తలకి చుట్టుకుని దులిపాడు. గుమ్మం ముందు తనే కొట్టుకున్న చెక్క వరండా పలక పలకా ఊడబీకాడు. మీట నొక్కేసరికి, బండింటికి పక్కగా బయటికి జరిపి ఉంచిన గది మూలుగుతూ లోపలికి పోయింది.

పోతాడేమో అనిపించింది నాకు. వెర్నా ట్రక్కులో ముందు సీట్లో కూర్చుని, ఒళ్లో సంచీని రెండు చేతులా పట్టుకుంది. ముఖంలో నెత్తురు లేదు. దీనికి ఎవరు పందెం కట్టమన్నారని నాకు ఒళ్లు మండింది.

మిగిలింది ట్యాంకు ఖాళీ చెయ్యడం. మెర్ల్ మోకాళ్ల మీద కూర్చుని, వరండా పలకలున్న చోట చెయ్యి పెట్టి వాల్వు పిడి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు.

క్లింట్ వంగి చూశాడు. "అది ముందే లాగి ఉందేమో కదండీ? నిన్న సాయంత్రం మీరు చెప్పారే, తెరిచి వదిలేస్తే..."

పైపులోంచి ఒక్క చుక్క రాలేదు. వరండా కొట్టాక ఆ పిడి పలకల కిందకి పోయింది. వంగి తియ్యలేక, మూయలేక, మెర్ల్ తెరిచి వదిలేశాడు. అతను చెప్పిన కొండ అతని బండిలోనే ఉంది.

వెర్నా ట్రక్కు దిగి వచ్చింది.

"వాసన వస్తోంది మొర్రో అంటే, గొడ్ల కొట్టాల వైపు గాలన్నావు!"

"గాలి అటునుంచే..."

"నోరుముయ్యి. తన కంపు గొడ్ల మీద పెట్టాడమ్మా ఈయన!" తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు ఎప్పట్నుంచో ఇంట్లోనే ఉంటున్నావు మెర్ల్. వరండా ఉంది, తోట ఉంది, పిట్టలున్నాయి. బండిలో ఉంటున్నది నేనొక్కదాన్నే" అంది.

మెర్ల్ పలకల కుప్ప మీద కూర్చున్నాడు. చేతి తొడుగులు విప్పుకున్నాడు.

"ఫోన్ చెయ్యి."

"అలా కాదు. అవునా, కాదా?"

"అవును" అన్నాడు.

క్లింట్ పెళ్లాం ఒక్కతే చప్పట్లు కొట్టింది, పాపం కొత్తది.

ఆ మధ్య వెల్టన్ వెళ్లాను. బండిల్లు నిమ్మచెట్టు పక్కన ఉంది, కడిగించారు. నేను తలుపు తీసేసరికి మెర్ల్ స్నానాలగదిలోంచి అరుస్తున్నాడు.

"అంతసేపు పంపు తిప్పకు వెర్నా, ట్యాంకు నిండిపోతుంది!"

"ఏ ట్యాంకు మెర్ల్? ఏ ట్యాంకు?" అని వంటింట్లోంచి వెర్నా.

నన్ను లాక్కెళ్లి మంచం చూపించింది. గది మధ్యలో, అటూ ఇటూ నడిచేంత చోటు. కానీ ఆవిడ వైపు అంచు పొడవునా దిళ్లు, మడతపెట్టిన దుప్పట్లు, సోఫా దిండుతో సహా గోడలా పేర్చి ఉన్నాయి.

"ఇదేంటి?"

"ఏదీ ఆనకపోతే నిద్ర పట్టట్లేదు. పడిపోతానేమోనని."

"ఈ వైపు కోసమే కదటే ఆ గొడవంతా!"

"దిగడానికి తల్లీ" అంది వెర్నా, జారిన దిండు సర్దుతూ. "పడిపోవడానికి కాదు."