నాలుగో రీలు, పక్కన పెట్టిన చీటీలు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, ఒక తమిళ సినిమాను తెలుగులోకి తెచ్చే పని నాకు అప్పగించారు. చెన్నై కోడంబాక్కంలో ఒక చిన్న డబ్బింగ్ సంస్థలో అప్పటికి ఇరవై ఆరేళ్లుగా పని చేస్తున్నాను. హోదా డబ్బింగ్ సూపర్‌వైజరు. నా పైన నిర్మాత, కింద ఒక సహాయకుడు, అద్దానికి అవతల సౌండ్ ఇంజనీరు. సంస్థ చిన్నది కాబట్టి తెలుగు మాటలు రాయడం కూడా నా పనే.

సినిమా కథ రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఉద్యోగం పోయిన ఒక మనిషి రిజిస్ట్రారు ఆఫీసులో పదకొండు మందిని లోపల పెట్టి తలుపు వేసుకుంటాడు. వాళ్లను ప్రాణాలతో బయటికి తేవడానికి ఒక పోలీసు అధికారి తలుపు బయట నిలబడి అతనితో మాట్లాడతాడు. రెండో సగంలో తుపాకులు, హెలికాప్టరు అన్నీ ఉన్నాయి. అయినా సినిమాకు ప్రాణం నాలుగో రీలు. సినిమాలు కంప్యూటర్లలోకి వచ్చాక కూడా ఇరవై నిమిషాల ముక్కను మేం రీలు అనే అంటాం. ఆ ఇరవై నిమిషాలూ ఒక మూసిన తలుపు, దాని ముందు ఆ అధికారి వీపు.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. నటుడి పెదవులు కనిపించే చోట తెలుగు మాట ఆ పెదవుల కదలికకు సరిపోవాలి. మూసుకున్న నోటి మీద మాట పడితే ప్రేక్షకుడు వెంటనే పట్టేస్తాడు. నటుడు వెనక్కి తిరిగిన షాట్‌ను మేం బ్యాక్ షాట్ అంటాం. అక్కడ పెదవి కనిపించదు కాబట్టి రాసేవాడికి పూర్తి స్వేచ్ఛ. అసలు సినిమాలో లేని ఒక వివరణో, ఒక చమత్కారమో అక్కడ దూర్చడం మా వృత్తిలో పాత అలవాటు. ఆ విద్యలో నాకు పేరుంది. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా. నాలుగో రీలు చూడగానే, ఇరవై నిమిషాల బ్యాక్ షాట్ దొరికిందని సంబరపడ్డాను. అసలు సినిమాలో ఆ అధికారి మాట్లాడేది తక్కువ, ఊరుకునేది ఎక్కువ. ఆ ఊరుకున్న చోట్లన్నీ నేను నింపాను. చట్టం గురించి, కుటుంబం గురించి, చావు గురించి బాగా బరువైన వాక్యాలు రాశాను. తెలుగువాళ్లు తెర మీద నిశ్శబ్దం భరించరని నిర్మాతకు చెప్పి ఒప్పించాను.

ఆ అధికారికి గొంతు ఇచ్చింది మునిరత్నం. వయసు యాభై నాలుగు. చింతాద్రిపేటలో ఎన్నో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రావు. నేను మాటలు చదివి చెబుతుంటే తన నోట్‌బుక్కులో తమిళ అక్షరాల్లో రాసుకుని మైకు ముందు నిలబడేవాడు. ఇరవై రెండేళ్లుగా గుంపులో గొంతులు, పోస్ట్‌మ్యాన్లు, వాచ్‌మ్యాన్లు చెబుతూ వచ్చిన మనిషికి ఇది మొదటి ప్రధాన పాత్ర. ఇది పోతే ఆ వయసులో మరొకటి రాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నాలుగో రీలు రికార్డు చేసేటప్పుడు మునిరత్నం రెండుసార్లు ఆగాడు.

"సార్, ఈడ మాట వద్దు సార్. ఆయప్ప తలుపు ముందర నిలబడి, లోపలుండేవోడు ఏం చెప్తాడా అని వింటా ఉండాడు. మనం మాట ఏస్తే ఆయనకి వినే టైమేది?"

రాసింది చెప్పండి చాలు అన్నాను. ఆయన సెరి సార్ అని చెప్పాడు. రెండోసారి ఆగినప్పుడు నేను అద్దం అవతల నుంచి కాస్త గట్టిగానే, రాసేది ఎవరు, చెప్పేది ఎవరు అని అడిగాను. ఇంజనీరు తల వంచుకుని మీటల వైపు చూశాడు. ఆ తరువాత మునిరత్నం ఆగలేదు.

విడుదలకు ముందు మా సంస్థ ప్రతి సినిమానూ ఒక ఆదివారం ఉదయం చిన్న ప్రివ్యూ థియేటర్లో వేసేది. నగరంలో ఉన్న తెలుగువాళ్లను పిలిచేవాళ్లం. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి వచ్చి కంప్యూటర్ కంపెనీల్లో చేరిన పిల్లలు, తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాలు, ఎవరు వస్తే వారు. బయటికి వెళ్లేటప్పుడు తలా ఒక చీటీ ఇచ్చి అభిప్రాయం రాయమనేవాళ్లం. ఆ చీటీలన్నీ చదివి ఒక పేజీ సారాంశం నిర్మాతకు ఇవ్వాలి. అదీ నా పనే. మాటలు రాసినవాడే వాటి మీద తీర్పులను కూడా వడపోయడం ఎంత తప్పుడు ఏర్పాటో ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. నాకు అనుకూలంగా ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ఆ ఆదివారం చీటీలు మంచిగా లేవు. ఆఫీసరు గొంతులో పట్టు లేదన్నారు చాలామంది. విలన్ గొంతు బాగుంది, హీరో భయపడుతున్నట్టున్నాడని ఒకరు, తలుపు సీను బోరు, ఫైట్లు సూపర్ అని ఒకరు రాశారు. మూడు చీటీల్లో మాత్రం మాటలు ఎక్కువయ్యాయని ఉంది. నా సారాంశంలో ఆ మూడింటి ఊసు లేదు. ఇవి కాక పద్నాలుగు చీటీలు తమిళ అక్షరాల్లో ఉన్నాయి. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి నేను నేర్చుకున్న తమిళ చదువు బస్సు బోర్డుకు సరిపోతుంది. తమిళం వాళ్లు ఎలాగూ అసలు సినిమా చూస్తారు కదా అనుకుని ఆ పద్నాలుగింటినీ ఒక కవరులో పెట్టి పక్కన పడేశాను. సారాంశం కింద, ప్రధాన పాత్ర గొంతు మార్చడం మంచిది అని రాసి సంతకం చేశాను.

బుధవారం నిర్మాత నిర్ణయం చెప్పాడు. సోమవారం హైదరాబాదు నుంచి వేరే ఆర్టిస్టు వస్తాడు. మునిరత్నానికి కబురు చెప్పే బాధ్యత సూపర్‌వైజరుగా నాది.

గురువారం ఉదయం ఆయన్ను స్టూడియోకు పిలిచి చెప్పాను. ప్రేక్షకుల అభిప్రాయం అలా వచ్చింది, నా చేతుల్లో ఏమీ లేదు అన్నాను. ఆయన నోట్‌బుక్కు మూశాడు.

"సెరి సార్. గుంపు సీన్లు ఏమన్నా ఉంటే పిలవండి." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "ఆ చీటీలు ఒకసారి చూడొచ్చునా సార్? ఏం తప్పు చేసినానో తెలుసుకుంటే మళ్లా చెయ్యను గదా."

తెలుగు అక్షరాల చీటీలు ఇస్తే ఇంజనీరు చేత చదివించుకుంటాడు, ఇవ్వడానికి ధైర్యం చాలలేదు. వాటిలో నేను దాచిన ఆ మూడు ఉన్నాయి. ఎటూ పనికిరానివని కవరులో ఉన్న తమిళ చీటీలు ఇచ్చాను. ఆయన మెట్ల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి నవ్వు వినిపించింది. బయటికి వచ్చి చూస్తే ఆయన ఒక చీటీని ఇంజనీరుకు గట్టిగా చదివి వినిపిస్తున్నాడు. కాగితం మీద ఉన్నవి తమిళ అక్షరాలు. ఆయన నోటి నుంచి వస్తున్నది తెలుగు.

"ఆ ఆఫీసరు మా ఇంటాయన మాదిరి ఉండాడు. ముఖం చూపించడు, మాట మాత్రం ఆపడు."

పద్నాలుగు చీటీలూ తెలుగే. మునిరత్నం లాగే ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుకున్నవాళ్లు తమకు వచ్చిన అక్షరాల్లో తమ భాష రాసిపోయారు. నెల రోజులుగా ఆ మనిషి నా కళ్ల ముందే తన నోట్‌బుక్కులో అదే పని చేస్తున్నాడు. అయినా నాకు తట్టలేదు.

మిగతావి కూడా చదవమన్నాను. ఎక్కువ భాగం అదే సంగతి. అన్నింటికంటే పొడుగ్గా ఉన్నది తిరువొత్తియూరు నుంచి వచ్చిన ధనకోటి అనే రిటైరైన కార్మికుడిది. మునిరత్నం చదివింది చదివినట్టు ఇక్కడ ఇస్తున్నాను.

"నేను ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు పని చేసినోణ్ని. ఒక తూరి మేము మేనేజరును రూములో పెట్టి పగలంతా కూర్చున్నాము. లేబర్ ఆఫీసరు ఒకాయన వచ్చి తలుపు బయట స్టూలు ఏసుకోని కూర్చున్నాడు. టీ అడిగితే టీ పంపించినాడు. మేము తిట్టిందంతా విన్నాడు. మా తిట్లు అయిపోయినాక రెండు మాటలు మాట్లాడినాడు. మేము తలుపు తీసినాము. ఈ సినిమాలో ఆయన నిలపకుండా మాట్లాడతా ఉండాడు. ఆయనకే భయం అని లోపలోళ్లకు తెలిసిపోతుంది. నేను లోపల ఉంటే తలుపు తీసేవాణ్ని కాను. గొంతు మాత్రం మంచి గొంతు."

మునిరత్నం కాగితం మడిచి కవరులో పెట్టాడు. రికార్డింగులో తను రెండుసార్లు ఆగిన సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

వెంటనే నిర్మాత దగ్గరికి వెళ్లానని రాయాలని ఉంది. వెళ్లలేదు. మధ్యాహ్నం మూడింటి దాకా నా గదిలో కూర్చుని నాలుగో రీలు మళ్లీ విన్నాను. ఆపకుండా మాట్లాడేవాడు భయపడ్డవాడిలా వినిపిస్తాడని ధనకోటి రాసింది నిజం. అన్ని మాటలు అంత తక్కువ జాగాలో చెప్పాలంటే ఏ ఆర్టిస్టుకైనా ఊపిరి తీసుకునే చోటుండదు. ప్రేక్షకులకు పట్టు లేనట్టు అనిపించింది ఆ ఊపిరాడనితనం. దాన్ని రాసింది నేను. హైదరాబాదు నుంచి వచ్చే ఆర్టిస్టూ అవే మాటలు చెబుతాడు, అలాగే వినిపిస్తాడు. ఈలోగా ఒక మనిషి ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన అవకాశం పోతుంది.

మూడున్నరకు చీటీలన్నీ, పక్కన పెట్టినవీ దాచినవీ కూడా, నిర్మాత బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆయనది నెల్లూరు. కోపం వస్తే గొంతు తగ్గించి మాట్లాడతాడు.

"ఏమయ్యా, ఇన్నాళ్లూ నువ్వు తెచ్చిన కాగితాలన్నీ ఇట్టాంటియేనా?"

"కొన్ని," అన్నాను.

ఏవని అడిగాడు. గుర్తున్న రెండు చెప్పాను. వాటిలో ఒకదాన్ని నమ్మి ఒక ఆర్టిస్టును మార్చాం. ఆమె ఆ తరువాత ఈ పని మానేసి ఊరు వెళ్లిపోయిందని విన్నాను. అదీ చెప్పాను. నన్ను పంపించేస్తాడనుకున్నాను.

"శనివారం థియేటరు ఖాళీగా ఉంది," అన్నాడు నిర్మాత. "ఆ ఒక్క రీలు సరిచేసి చూపించు. అదే జనానికి చూపించు. ఈసారి చీటీలు నువ్వు ముట్టుకోబాక."

మాటలు తీసేయడం తేలిక అనుకుంటారు. తీసేస్తే అక్కడ మిగిలేది ఖాళీ. అసలు సినిమా నుంచి మాకు వచ్చే ట్రాకులో సంగీతం, అడుగుల చప్పుడు, తలుపు కిర్రు ఉంటాయి. నటుడి ఊపిరి ఉండదు, అది మాటలతో పాటే పోతుంది. ఊపిరి లేని మనిషి తెర మీద బొమ్మలా ఉంటాడు. కాబట్టి శుక్రవారం ఉదయం మునిరత్నాన్ని మళ్లీ మైకు ముందు నిలబెట్టాం. పిలిచినప్పుడు క్షమాపణ చెప్పాను. "అదంతా ఉండనీండి సార్, ముందు రీలు ఏసుకోండి," అన్నాడు.

ఆ రోజు ఆయన నాలుగు గంటల సేపు దాదాపు మాట లేకుండా డబ్బింగ్ చెప్పాడు. ఊపిరి పీల్చడం, గుటక వేయడం, ఏదో అనబోయి ఆగడం. లోపలి మనిషి అరిచినప్పుడు ఒక చిన్న "ఊఁ". నా వాక్యాలు ముప్పై ఎనిమిది తీసేశాం. మిగిలినవి తొమ్మిది. పదో దాన్ని నేను ఉంచుదామన్నాను. మునిరత్నం అద్దం ఇవతల ఉన్న నా వైపు చూసి, "సార్, మీకేం భయం? లోపలోడు వింటా ఉండాడు," అన్నాడు. ఇంజనీరు నవ్వాడు. నేనూ నవ్వి దాన్ని కొట్టేశాను.

శనివారం పదింటికి వచ్చినవాళ్లు ఇరవై మంది లోపే. ధనకోటి తిరువొత్తియూరు నుంచి రైలెక్కి, భుజాన సంచితో వచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. రీలు నడుస్తున్నంత సేపూ నేను తెర వైపు చూడలేదు, జనాన్ని చూశాను. తలుపు సీనులో ఎవరూ ఫోను తీయలేదు. ఒకచోట అధికారి చాలాసేపు ఏమీ అనకుండా నిలబడితే, ముందు వరుసలో ఒకామె చీర కొంగు పిడికిట్లో బిగించింది.

చీటీలు ఇంజనీరు చదివాడు. తమిళ అక్షరాల్లోవి మునిరత్నమే చదివాడు. మొదటిసారి గొంతులో పట్టు లేదని రాసిన కుర్రాళ్లలో ఇద్దరు మళ్లీ వచ్చారు. గొంతు మార్చినట్టున్నారు, ఇది చాలా బాగుంది, పాతాయన్ను తీసేసి మంచి పని చేశారని వాళ్లు రాశారు. మునిరత్నం ఆ రెండు చీటీలనూ అడిగి తీసుకుని నోట్‌బుక్కులో పెట్టుకున్నాడు. "పాతాయన పాపం," అన్నాడు.

ధనకోటి ఒక్క వరుసే రాశాడు. "ఇప్పుడైతే తలుపు తీస్తా. ముందర టీ అడుగుతా."

సోమవారం హైదరాబాదు నుంచి ఎవరూ రాలేదు. సినిమా ఓ మాదిరిగా ఆడింది. రెండో సగంలో హెలికాప్టరు గురించి జనం చాలా తిట్టారు, అందులో న్యాయం ఉంది. తలుపు సీనును తిట్టినవాళ్లు నాకు తగల్లేదు. మునిరత్నానికి ఆ తరువాత వరుసగా పెద్ద పాత్రలు వచ్చాయి, ఇప్పటికీ చెబుతున్నాడు. ఊరు వెళ్లిపోయిన ఆ ఆర్టిస్టు చిరునామా కనుక్కుని ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

మిగిలిన రెండేళ్లలో పనిలో రెండు మార్పులు చేశాను. మాటలు రాసినవాడు అభిప్రాయాల చీటీలు ముట్టుకోకూడదు. తమిళ అక్షరాల్లో ఉన్న చీటీలను ముందు చదవాలి. బ్యాక్ షాట్లో మాట దూర్చే ముందు ఆ మనిషి అక్కడ ఎందుకు ఊరుకున్నాడో ఆర్టిస్టును అడగడం మూడోది. అది నియమంగా ఎక్కడా రాయలేదు. నా తరువాత వచ్చిన సూపర్‌వైజరు కూడా అడుగుతున్నాడని మునిరత్నం చెప్పాడు.