ఉత్త కడుపుతో

మొన్న మా చెల్లెలికి పిత్తాశయంలో రాళ్లు తీయాలంటే, తోడుగా మదనపల్లెలో కొత్తగా కట్టిన ఆసుపత్రికి వెళ్లాను. పొద్దున్నే ఒక నర్సమ్మాయి వచ్చి, చేతిలోని ఫోను మీద నుంచి కళ్లెత్తకుండానే, రాత్రి నుంచి ఏమైనా తిన్నారా తాగారా అని అడిగి, మా చెల్లెలు లేదనగానే వేలితో దాని మీద ఒక నొక్కు నొక్కి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆ పరుగు నాకు తెలియనిదా?

నేను నర్సుగా చేరిన రోజుల్లో పుంగనూరు దగ్గర మాది చిన్న ఆసుపత్రి, ఆపరేషన్లు చేసే డాక్టరుగారు కుప్పం నుంచి వారానికి ఒక్కరోజే వచ్చేవారు. ఆ రోజు వార్డులో ప్రార్థన కాగానే మా పెద్ద సిస్టరమ్మ మమ్మల్ని మంచం మంచానికీ తిప్పుతూ, ఏమైనా తిన్నారా అని రోగిని అడిగి ఊరుకోవద్దనీ, తల్లినీ అత్తనూ అడగమనీ, మంచం కిందికి వంగి చూడమనీ చెప్పేది. మనవైపు పరీక్షకు పంపినా ప్రయాణానికి పంపినా కడుపులో ఇంత వేసిగాని గడప దాటనివ్వరు కదా, ఇక కత్తి కిందికి పోయే బిడ్డను ఉత్త కడుపుతో పంపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది?

అట్లా ఒకరోజు, మెడలో గడ్డతో రామసముద్రం నుంచి వచ్చిన ఒక పడుచుపిల్ల మంచం కింద కడిగీ కడగని చెంబు కనిపించింది, అంచున రాగిజావ ఇంకా ఆరలేదు. అది చూశానని తెలిసి తల్లి నా చెయ్యి పట్టుకుంది.

“రెండు గుక్కలేనమ్మా. డాక్టరుకి సెప్పొద్దు. మళ్లా వారం యాడ రాగలము? టమోటా కోతలు వస్తాండాయి, పోకుంటే ఇంక నన్ను పనికి పిలవరు.”

ఆమె చెప్పిందంతా నిజమే. మత్తులో ఉండగా ఆ జావ పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్ల దక్కదన్నదీ నిజమే. వెళ్లి డాక్టరుగారికి చెప్పేశాను. ఆయన విసుక్కుని ఆపరేషను మరుసటి వారానికి మార్చారు, తల్లి నావైపు చూడకుండా పిల్లను తీసుకుని బస్సెక్కింది. మళ్లీ వచ్చారు, అంతా బాగానే జరిగింది, పిల్ల నవ్వుతూ ఇంటికి పోయింది గాని తల్లి మాత్రం నాతో మాట్లాడలేదు. ఉద్యోగమంతా నాకిదే పనైంది. రిటైరైన రోజు, ఇక ఎవరికీ వద్దు, కాదు అని చెప్పే పని లేదని ప్రాణం తేలికపడింది.

నర్సమ్మాయి అటు వెళ్లగానే మా చెల్లెలు నా చెవి దగ్గరికి వంగింది.

“తెల్లారే కోడలు ఫ్లాస్కులో తెచ్చి రవ్వంత పాలకాఫీ ఇచ్చి పోయినాది అక్కా. ఆ పాపకు సెప్పొద్దు, మళ్లా ఇంకో దినం వచ్చే ఓపిక లేదు నాకు.”

నాకూ లేదు. అయినా మోకాళ్లు పట్టుకుని లేచి, ఆ అమ్మాయిని వెనక్కి పిలిచాను.

ఆపరేషను మరునాటికి వాయిదా వేశారు. మా చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది. ఇప్పుడు ఆసుపత్రిలో మంచానికొక మిషనుంది, పిలవడానికి మీటలున్నాయి. ఆ కాలంలో ఇవేవీ లేవు గాని, ఇట్లాంటి రోజు సాయంత్రం పెద్ద సిస్టరమ్మ నాకింత టీ పోసి పక్కన కూర్చునేది. కాఫీ ఫ్లాస్కు కడుక్కొచ్చి మంచం పక్కన పెట్టి, నేనొక్కదాన్నే కూర్చున్నాను.