ఒకే నీళ్లలో మరిగిన సూదులు

మా ఎదురింటి హెల్త్ ఇన్‌స్పెక్టరు గారు కన్నుమూశారన్న కబురు నాకు కాలేజీలో చర్చాపోటీ జరుగుతుండగా అందింది. నా వంతు మాట్లాడి, ప్రతివాదికి జవాబు కూడా చెప్పి బయల్దేరాను. వాదన సగంలో వదిలి వచ్చానని తెలిస్తే ఆయన మెచ్చుకునేవారు కాదు. చర్చిలో శవపేటిక పక్కన హోటళ్ల యజమానులు, మంగలి షాపుల వాళ్లు, సోడా బండ్ల వాళ్లు నిలబడి ఉన్నారు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆయనకు తప్పు చేసి దొరికినవాళ్లే. తనిఖీకి వచ్చే అధికారి కోసం కన్నీరు పెట్టేవాళ్లు ఉంటారని నేను అంతకుముందు నమ్మేదాన్ని కాదు.

ఆయనతో నా స్నేహం పోట్లాటతో మొదలైంది. మూడేళ్ల కిందట గుణదల కొండ కింద తిరునాళ్లలో, పచ్చబొట్లు పొడిచే ఒకావిడ ముందు నా స్నేహితురాలితో కలిసి వరసలో నిలబడ్డాను. ఆవిడ ఒకే సూదితో, ఒకే చిప్పలోని పసరుతో ఉదయం నుంచి అందరికీ పొడుస్తోంది. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి ఆ సూదిని కాగితంలో చుట్టి తన సంచిలో వేసుకున్నారు. ఈ తిరునాళ్ల రోజులు పోతే ఏడాదంతా పస్తులేనని ఆవిడ మొత్తుకుంది. ఏ నియమం కింద ఆమె చెయ్యి ఆపారో చూపించమని నేను ఆయన్ను పదిమందిలో నిలదీశాను.

"ఏ నియమమూ లేదమ్మా," అన్నారు ఆయన నెమ్మదిగా. "లేకపోబట్టే ఇన్నాళ్లూ ఎవరూ ఆ సూది వంక చూడలేదు. రేపు సాయంత్రం మా ఇంటికి రా. ఆవిణ్ణీ తీసుకురా. ముగ్గురం కూచుని రాద్దాం."

గొంతు పెంచడం ఆయనకు చేతకాదు. హోటల్లో కూర్చునే ముందు గ్లాసులు కడిగే తొట్టి చూసేవారు. నీళ్లు నచ్చకపోతే తానే పారబోసి, కుళాయి తిప్పి, తొట్టి నిండేదాకా అక్కడే నిలబడేవారు. యజమాని సిగ్గుపడడానికి ఆ కాసేపు చాలేది. కేసు రాస్తే తొట్టి నిండదు కదా అనేవారు.

మర్నాడు ముగ్గురం ఆయన వరండాలో కూచుని, నియమాల పుస్తకంలో లైసెన్సు ఇచ్చే వృత్తుల జాబితా తిరగేశాం. తోళ్ల పని ఉంది, సున్నపు బట్టీలున్నాయి, పచ్చబొట్టు లేదు. ఆవిడకు లైసెన్సు ఇప్పించడానికి షరతులు నన్నే రాయమన్నారు. రెండు పేజీలు రాసిచ్చాను.

"బాగుంది. ఇది పోటీలో నెగ్గుతుంది," అన్నారు చదివి. "ఆవిడ చేతిలో సూది ఉన్నప్పుడు గుర్తొచ్చేట్టు రాయి."

కొట్టేసి, తిరగరాసి, చివరకు నాలుగు వాక్యాలు మిగిల్చాను. మనిషికో సూది. పొడిచే ముందు మరిగే నీళ్లలో ఉంచాలి. మనిషికో దొన్నెలో పసరు పోసి, మిగిలింది పారబొయ్యాలి. ఒంటిమీద పుండు, కళ్లలో పచ్చదనం ఉన్నవాళ్లకు పొడవకూడదు. మొదటి వాక్యం నేను చదివి వినిపించగానే ఆవిడ అడ్డం తిరిగింది.

"సూది మారిస్తే నా దగ్గర ఎవరు కూచుంటారండీ? వదినా మరదళ్లు ఒక్క సూదితోనే పొడిపించుకుంటారు. అట్టాగైతేనే పొత్తు నిలబడుద్దని వాళ్ల నమ్మకం."

మూఢనమ్మకాల మీద నేను ఉపన్యాసం అందుకున్నాను. ఆయన చెయ్యి చూపి నన్ను ఆపి, కామెర్లు సూది మొన మీద ఒకరి నుంచి ఒకరికి ఎలా వెళతాయో ఆవిడకు వివరించారు. మరి ఏం చేద్దామో నువ్వే చెప్పమని అడిగారు. ఆవిడ పసరు మరకలున్న తన వేళ్లు చూసుకుంది.

"రెండు సూదులు ఒక్క దారంతో కట్టి మరగబెట్టి, వాళ్ల ముందే విప్పుతానండీ. ఒక్క నీళ్లలో మరిగినయ్యి, పరాయియి ఎట్టా అవుతాయి?"

ఆయన నవ్వి కలం నా చేతికిచ్చారు. "ఐదోది రాసుకో, డిబేటరు గారూ. ఇది మనిద్దరికీ తట్టలేదు."

జాబితాలో లేని వృత్తికి లైసెన్సు ఎలా ఇస్తామని పై అధికారులు అడిగితే ఆయన వాదించలేదట. ఆవిణ్ణి కిరసనాయిలు స్టవ్వుతో సహా ఆఫీసుకు తీసుకెళ్లి, చేసి చూపించారట. మరుసటి తిరునాళ్లకు ముద్ర వేసిన అనుమతి వచ్చింది, ఏటా తనిఖీ చేసి పొడిగించాలన్న షరతుతో. ఆ ఏడు పామర్రు నుంచి వచ్చిన వదినా మరదళ్లు నీళ్లు మరిగేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. ఒక్కరూ లేచి వెళ్లలేదు. నా స్నేహితురాలూ నేనూ ముంజేతుల మీద చిన్న తీగ పొడిపించుకున్నాం. సైకిలు పట్టుకుని దూరం నుంచి చూస్తున్న ఆయన, "ఏమ్మా, ఇంతకీ మన వాదన ఎవరు గెలిచారు?" అనడిగారు. నేను నవ్వి, తీగ పొడిచిన ముంజెయ్యి ఎత్తి చూపించాను.

అధికారం మీద నా అనుమానం ఇప్పటికీ పోలేదు. పోవాలని ఆయనా కోరలేదు. పాటించవలసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోకుండా రాసిన నియమాన్ని ఇప్పుడు మరింత గట్టిగా ఎదిరిస్తాను. ఆ బలం ఆయన వరండాలో దొరికిందే.

ఆయన పోయిన నెలకు ఈ ఏటి తిరునాళ్ల వచ్చింది. అనుమతి పొడిగించవలసిన కొత్త ఇన్‌స్పెక్టరు వయసులో చిన్నవాడు. ఇలాంటి లైసెన్సు ఒకటుందనే అతనికి తెలియదట. ఆపేస్తాడేమోనన్న భయంతో, వాదించడానికి సిద్ధమై కొండ కిందికి పరుగెత్తాను. నా అవసరం రాలేదు. ఆవిడ అతన్ని పీట మీద కూర్చోబెట్టి షరతులు చెబుతోంది. అతను మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుని రాసుకుంటున్నాడు. ఒక్కొక్కటీ చెప్పి ఆగి, "రాశారా బాబూ?" అని అడుగుతోంది. అతను తలూపాకే తరవాతిది మొదలుపెడుతోంది.