మూసిన గేటుకు సమ్మె నోటీసు

టప్. టప్ టప్. కాస్త ఆగి, మళ్లీ టప్.

సీతాఫల్‌మండి సందులో, తాళం వేసి లాకౌట్ నోటీసు అంటించిన గేటు వెనక నుంచి వస్తోంది ఆ చప్పుడు. పొద్దున ఎనిమిది. సర్దార్ బీ గేటుకు చెవి ఆనించింది. నాలుగో నంబరు ప్రెస్సు. ఇరవయ్యారేళ్లుగా తాను రేకుల్లోంచి డబ్బా మూతలు కొట్టిన ప్రెస్సు. దాని పెడల్ మీద ఇప్పుడు ఎవరి పాదమో ఉంది. అప్పుడే నడక నేర్చిన పాపలా తడబడుతోంది.

భర్త నబీ పోయాక ఆ పెడల్ మీదే ఆమె ఇల్లు నడిచింది. పనిలో చేరిన మూడో ఏట ఎడమ చూపుడువేలి కొసను ప్రెస్సు తీసుకుంది. ఈ వేసవిలో ఇంకొకామె వేళ్లు పోయినప్పుడు, ప్రెస్సులకు ఇనుప గార్డులు బిగించమని అందరూ అర్జీ పెట్టారు. మొదటి సంతకం సర్దార్ బీది. మూడో రోజుకే మేనేజరు రాఘవేందర్ గేటు మూసేశాడు. వారం తిరిగేసరికి వెనక దారిన, వ్యానులో, మేడ్చల్ వైపు నుంచి కొత్త ఆడవాళ్లను దించాడు.

యూనియన్ వకీలు దయాకర్ చట్టం పుస్తకం తిరగేసి నిట్టూర్చాడు. చట్టబద్ధమైన సమ్మె జరుగుతున్నప్పుడు కొత్తవాళ్లను పెట్టుకోకూడదని అందులో ఉంది. లాకౌట్ అన్న మాట లేదు. మీరు సమ్మె చేయలేదు, తాళం వాళ్లే వేశారు, చట్టంలోని ఆ సందులోంచే దూరారు అన్నాడు.

సర్దార్ బీ అడిగింది. "అయితే ఇప్పుడు చేస్తే?"

సర్దార్ బీని అక్కలా ‘ఆపా’ అని పిలిచే పక్క ప్రెస్సు విజయమ్మ పకపకా నవ్వింది. "గేటు బందున్నంక సమ్మె ఏందీ ఆపా? లోపలికి పోతెనే గద పని బంద్ జేసేది."

"పని నాది విజయమ్మా. బంద్ జేసేది సుత నేనే. వాళ్ల తాళాన్ని అడగాల్నా?"

దయాకర్ మళ్లీ పేజీలు తిప్పాడు. లాకౌట్ నడుస్తుంటే సమ్మెకు ముందస్తు నోటీసు గడువు అక్కర్లేదని కూడా ఆ పుస్తకంలోనే దొరికింది. అతని ముఖం వెలిగింది, వెంటనే మసకబారింది. సమ్మె చెల్లదని తేలితే ఉద్యోగం మొత్తానికే పోతుందని హెచ్చరించాడు.

"నా జాగల ఇంకొకరు నిలబడ్డంక అది ఉన్నట్టా వకీల్ సాబ్, పోయినట్టా?"

మధ్యాహ్నానికి లాకౌట్ కాగితం పక్కనే సమ్మె కాగితం అంటింది. కింద ముప్పైనాలుగు సంతకాలు. అన్నిటికంటే పైన వంకరటింకరగా సర్దార్ బీది. రాఘవేందర్ గేటు సందులోంచి చదివి నవ్వాడు. మూసిన గేటుకు సమ్మె చేసినోళ్లను ఎక్కడా చూడలేదన్నాడు. జెర ఇంటికి పోయి పడుకోమన్నాడు.

"పోతా సార్. లోపలోళ్లను సుత పంపుండ్రి, అందరం కలిసే పోతం."

సాయంత్రం లేబర్ ఆఫీసరు వచ్చాడు. రెండు కాగితాలూ చదివి, లోపలి చప్పుడు విని, సమ్మె సాగుతోంది, లోపల కొత్తవాళ్లు పని చేస్తున్నారు అని రాసుకున్నాడు. తర్వాత మూడు రోజులు వ్యాను రాలేదు. నాలుగో రోజు వచ్చింది. ఆఫీసరు రాత మీద దయాకర్ వేసిన కేసు ఇంకా తేలలేదు. ఎనిమిది కొట్టేసరికి ఆమె మాత్రం గేటు ముందు కూర్చునే ఉంటోంది. లోపల పని చేసే ఆ కొత్త ఆడవాళ్లను ఎవరైనా తిడితే ఊరుకోదు.

ఈ సంగతులన్నీ పత్రిక కోసం నేను రాసుకున్నాక, లేచి కొంగు దులుపుకుంటూ ఆమె చివరగా ఒక మాట చెప్పింది.

"సర్దార్ బీని బయటికి ఎల్లగొట్టిండ్రని రాయకుండ్రి. సమ్మె జేసిందని రాయుండ్రి."