కౌలు కాగితం, రెండు అగ్రరాజ్యాలు

ముప్పై ఏళ్లు గుంటూరు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాక, ప్రపంచాన్ని బాగుచేసే పనిని మా ఊరి టీ కొట్టుకు మార్చుకున్నాను. అక్కడ నా ప్రత్యర్థి మా బావ, పత్తి వ్యాపారి. ఆయనది అమెరికా పక్షం, నాది చైనా పక్షం. ఈ సంగతి ఆ రెండు దేశాలకూ ఇంకా తెలియదు.

ఈమధ్య అకాల వాన పడి కల్లాల్లో ఆరబోసిన మిర్చి అంతా తడిసింది. ఆ మర్నాడు కూడా మా సమావేశం ఆగలేదు.

"ఏం బావా, మీ చైనా చిన్న దేశాలకి అప్పులిచ్చి రేవులు రాయించుకుంటందంటగా!" అన్నాడు బావ.

"మీ అమెరికా అంత ఓపిక కూడా పట్టదుగా, నేరుగా సైన్యాన్నే దింపుద్ది," అన్నాను. కొట్టులో అందరూ నవ్వారు. ఆ ఊపులో లోకంలోని సంపదంతా గుప్పెడు మంది గుప్పిట్లో ఎలా ఇరుక్కుందో చెప్పడం అందుకున్నాను.

అప్పుడే నా మూడెకరాలు ఎనిమిదేళ్లుగా కౌలుకు చేస్తున్న రైతు వచ్చి నిలబడ్డాడు. బెంచీ మీద చోటుంది. కూర్చోమని నేను అనలేదు. దోపిడీ గురించి మంచి పట్టు మీదున్నాను మరి.

"సార్, కాయంతా తడిసిపోయిందండీ. రేపు ఆఫీసర్లు పంట నష్టం రాసుకోడానికి వస్తారంట. ఈ కౌలు కాగితం మీద మీరు సంతకం పెడితే నా పేరు రాస్తారు. లేకపోతే పొలం మీ పేరున ఉంది గాబట్టి డబ్బులు మీకే పడతయ్యండి."

మా వైపు కౌలంతా నోటిమాటే. డబ్బు మాత్రం విత్తనం వేయకముందే చేతికి రావాలి. కాగితం మీద సంతకం పెడితే పొలం చేజారిపోతుందని మా ఆసాములందరికీ గట్టి నమ్మకం. అలా ఏమీ పోదని క్లాసులో చెప్పినవాణ్ణి నేనే. నా పొలం దాకా వచ్చేసరికి ఆ పాఠం సిలబస్‌లో లేకుండా పోయింది.

"నా ఖాతాలో పడితే మాత్రం ఏందిలే, నీకే ఇస్తాగా," అన్నాను. కిందటి తుఫానప్పుడూ అదే మాట అన్నాను. ఇచ్చింది సగం.

బావ నా చెవి దగ్గరికి వంగి, "పెట్టమాక బావా," అన్నాడు. ఇన్నేళ్లలో అమెరికా, చైనా ఒక్క మాట మీదకు వచ్చింది ఆ రోజే.

రైతు ఇద్దర్నీ చూశాడు. "సార్, చైనా గెలిస్తే మాబోటోళ్లకి కౌలు కాగితాలు ఇస్తారాండీ?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

నాకు సిగ్గేసింది. జేబులో పెన్ను కూడా పట్టుకున్నాను.

"సాయంత్రం ఇంటికి రా, పెడతాను," అన్నాను. "అట్టాగేనండీ," అని కల్లం వైపు వెళ్లాడు.

మధ్యాహ్నమే ఇంటికి తాళం వేసి, పనేమీ లేకుండా గుంటూరు బస్సెక్కాను.