తువాలు కింద గాజులు

మా నాయనకు బళేపేటలో గాజుల అంగడి ఉండేది. చిన్నప్పుడు వచ్చిన విషజ్వరం మా అక్క ఒంటినైతే వదిలింది గానీ, బుద్ధిని సగంలో ఆపేసి పోయింది. పదమూడేళ్లు వచ్చినా చేసే పనిలో ఏ చిన్న అడ్డు వచ్చినా అక్కడే నిలబడిపోయేది. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద.

నాయన కుర్రతనంలో హిందూపురంలో ఒక అవధానం చూశాడట. పద్యాలు చెబుతూనే గంట ఎన్నిసార్లు మోగిందో చెప్పిన ఆ పండితుణ్ణి ఆయన జన్మలో మరిచిపోలేదు. ధారణ పెంచితే బుద్ధి దానంతటదే పెరుగుతుందని అప్పుడే తీర్మానించుకున్నాడు. అభ్యాసం కూసువిద్య అని ఊరికే అన్నారా అనేవాడు.

యుద్ధం రోజులు. ఉత్తరాది నుంచి సరుకు రావడం తగ్గి అంగడిలో పని తక్కువగా ఉండేది. సాయంత్రం కాగానే నాయన రంగురంగుల గాజులు వరసగా పేర్చి, అక్క ఒకసారి చూశాక భుజం మీది తువాలు కప్పేవాడు.

"ఇప్పుడు యెనకనించి చెప్పమ్మా."

తప్పు లేకుండా చెబితే అరచేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. నాకు చదువు ఊరికే వచ్చేది. దానికి బెల్లం పెట్టిన పుణ్యాత్ముడు లేడు. ఒళ్లు మండేది.

మొదట్లో అక్క ఏడ్చేది. "సాకు, ఇంక చాలు, బిడ్డ అలిసిపోయింది. గుర్తు పెట్టుకునేది వేరే, తెలుసుకునేది వేరే గదా," అనేది అమ్మ.

"నేను పోయినాక దీనికి ఎవరుండారు?" అనేవాడు నాయన. "బుద్ధి రవంత పదునైతే బతికిపోతాది."

ఏడాది తిరిగేసరికి అక్క ఎంత పొడుగు వరసనైనా తడుముకోకుండా తిరగేసి చెప్పసాగింది. పక్క అంగళ్లవాళ్లు వచ్చి చూసి శభాష్ అన్నారు. నాయన నేల మీద నిలవలేదు. మరుసటి వారమే అక్కకు కొత్త పావడా కట్టించి, నన్ను కూడా వెంటబెట్టుకుని బడిలో చేర్చాలని తీసుకుపోయాడు.

పెద్దపంతులమ్మ మంచి మనిషి. అక్కను దగ్గరికి పిలిచి, బడిలో చెప్పేది కన్నడమే అయినా మా తెలుగులోనే అడిగింది.

"ఇంట్లో ఉప్పు లేదు. అంగడి మూసుండాది. ఏం చేస్తావు?"

అక్క ముఖం వెలిగింది.

"చేస్తావు, ఏం, మూసుండాది, అంగడి, లేదు, ఉప్పు, ఇంట్లో," అని ఒక్క మాట పోకుండా చెప్పి, నాయన వైపు తిరిగి చెయ్యి చాపింది.

నాయన జేబులోంచి బెల్లం తీసి ఆ చేతిలో పెట్టాడు. అక్కను బడిలో చేర్చకుండానే ఇంటికి తీసుకొచ్చాడు. కానీ సాయంత్రం అక్క తనే గాజులు పేర్చి కూర్చుంటే, కాదనలేక తువాలు కప్పాడు. తర్వాత కూడా ఏ సాయంత్రమూ మానలేదు. గారడీ అని తెలిసినా మానలేదు. ఆ ఒక్క పూట అక్క తెలివైనది.

యుద్ధం ముగిశాక ఒక చలికాలం నాయన గుండె ఆగి పోయాడు. పదో రోజు ముత్తైదువలు కాని ఆడవాళ్లు అమ్మ చేతి గాజులు పగలగొట్టారు. అవి నాయన తన చేత్తో తొడిగినవి. అందరూ ఏడుస్తుంటే అక్క మాత్రం కళ్లు తిప్పకుండా, ఏది ముందు పగిలిందో ఏది తర్వాతో చూస్తూ కూర్చుంది.

వాళ్లు లేచి వెళ్లాక ముక్కలన్నీ ఏరి, పగిలిన వరసలోనే పేర్చి, దండెం మీది నాయన తువాలు తెచ్చి కప్పింది. పచ్చ, పచ్చ, ఎరుపు, పచ్చ, పసుపు, ఎరుపు అంటూ చివరినుంచి మొదటిదాకా చెప్పింది. ఒక్కటీ తప్పలేదు. నాయన కూర్చునే పీట వైపు చెయ్యి చాపింది. వేలు తెగి కారుతున్న నెత్తురు కూడా చూసుకోలేదు.

చేతిలో బెల్లం పడకపోయేసరికి నా వైపు తిరిగింది.

"నాయన్ను పిలువు. సరిగానే చెప్పినా గదా."